ఏ విండోస్? ఏ బోర్డు? ఆఖర్న ఏం మార్చావు?

2002, 2003 ప్రాంతంలో, విశాఖలో, మాకు కంప్యూటర్‌తో ఇబ్బంది వచ్చేది అక్కయ్యపాలెంలో, దానికి సమాధానం దొరికేది ద్వారకానగర్‌లో. ఇంట్లో అసెంబుల్డ్ కంప్యూటర్ ఉంది, నెట్ లేదు. ఫోన్ లైను మీద నడిచే డయలప్ పెట్టుకోవచ్చు గానీ నెట్‌లో ఉన్నంతసేపూ ఫోన్ ఎంగేజ్ వస్తుంది, పైగా బిల్లు పెరుగుతుంది. పోర్టులో పనిచేసే మా నాన్నగారికి ఈ రెండూ పడవు. "ఊర్నించి ఎవరైనా ఫోన్ చేస్తే ఏటి గతి?" అని ఒకటే మాట. దాంతో తెర మీద ఏ ఎర్రర్ కనబడినా కాగితం మీద రాసుకుని, జేబులో పెట్టుకుని, ద్వారకానగర్‌లో డైమండ్ పార్క్ దగ్గర్లో ఉన్న నెట్ సెంటర్‌కి పోయి, ముక్కూ మొహం తెలియనివాళ్లు ఒకరికొకరు జవాబులు రాసుకునే ఫోరమ్‌లో అడగడమే. గంటకి 15, 20 రూపాయలు.

ఆ కాగితం రాసుకోవడం కూడా అంత తేలికేమీ కాదు. విండోస్ ఎక్స్‌పీ కుప్పకూలి నీలం తెర పడితే, అది చదివేలోపే సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అయిపోయేది. మెరుపులా వచ్చి పోయే ఆ తెల్ల అక్షరాల్లో ఏముందో ఎవరికి తెలుస్తుంది? నెట్ సెంటర్‌కెళ్లి "నీలం తెర వస్తోంది, ఏం చెయ్యాలి" అని నా వచ్చీరాని ఇంగ్లీషులో అడిగితే, ఎవరో ఓపికగా రాశారు: మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌కి వెళ్లు, అడ్వాన్స్‌డ్‌లో స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగ్స్ తెరువు, అక్కడ ఆటోమేటికల్లీ రీస్టార్ట్ అన్నచోట టిక్ తీసెయ్యి, తర్వాత వచ్చిన కోడ్ రాసుకుని రా. అంతే. అది జవాబు కాదు, ప్రశ్న ఎలా అడగాలో నేర్పించడం.

మళ్లీ నీలం తెర వచ్చినప్పుడు అది కదలకుండా నిలబడింది. పాత క్యాలెండర్ కాగితం వెనక పక్క అంకె అంకె చూసుకుంటూ దించుకున్నాను. సున్నా, ఎక్స్, తర్వాత వరసగా సున్నాలు, చివర 50. దాని పైన పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్‌డ్ ఏరియా అని పెద్దక్షరాల్లో ఒక వాక్యం. దాని అర్థం నాకు తెలియదు. రాసుకోమన్నారు కాబట్టి రాసుకున్నాను. అది తీసుకెళ్లి పెట్టాక ఎదురు ప్రశ్నలు మొదలయ్యాయి. ఏ విండోస్? ఏ సర్వీస్ ప్యాక్ (అంటే సవరణల మూట)? ఏ బోర్డు? ర్యామ్, అంటే మెమరీ, ఒక స్టిక్కా రెండా? ఆఖర్న ఏం మార్చావు? వాటన్నిటి తర్వాత చెన్నై నుంచి రాసే ఒకాయన ఇంకోటి అడిగాడు: మీ ఇల్లు సముద్రానికి దగ్గరా?

విశాఖలో ఉన్నవాళ్లకి ఈ ప్రశ్న విప్పి చెప్పక్కర్లేదు. బీచ్ వైపు ఇళ్లల్లో కిటికీ ఊచలు, బాల్కనీ గ్రిల్లులు, స్కూటర్ సైలెన్సర్లు ఎంత తొందరగా తుప్పెక్కుతాయో ఊళ్లో అందరికీ తెలుసు. క్యాబినెట్ లోపలికి కూడా అదే గాలి వెళ్తుందన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు. ఆయన చెప్పినట్టు పవర్ తీగ పీకేసి, క్యాబినెట్ ఇనప రేకు ఓసారి ముట్టుకుని, ర్యామ్‌కి రెండు పక్కలా ఉన్న క్లిప్పులు విప్పి బయటికి తీశాను. బంగారు రంగులో ఉండాల్సిన పళ్ల మీద మసక పొర. మా చెల్లి కంపాస్ బాక్సులోంచి పెన్సిల్ రబ్బరు తీసుకుని, నెమ్మదిగా ఒకే వైపుకి రుద్ది, రబ్బరు పొట్టు ఊదేసి, మళ్లీ స్లాట్‌లో పెట్టి రెండు బొటనవేళ్లతో నొక్కితే క్లిప్పులు టక్కుమని పడ్డాయి. ఆ తర్వాత నీలం తెర రాలేదు. రిపేరు షాపులో అయితే ఏం చెప్పేవారో మనకి తెలిసిందే: "ఫార్మాట్ కొట్టేద్దాం సార్."

నాకు ఆ రోజుల్లో ఎక్కువగా గుర్తున్నది జవాబు కాదు, జవాబు కోసం కాచుకోవడం. సాయంత్రం వెళ్లి ప్రశ్న పెట్టి వచ్చేయాలి. అవతలి దేశాల వాళ్లు లేచి, కాఫీలు తాగి, చూసి, రాసేసరికి మనకి అర్ధరాత్రి. మర్నాడు మళ్లీ వెళ్తే గానీ తెలియదు. వెళ్లాక అక్కడ జవాబు బదులు ఇంకో ప్రశ్న ఉంటే, ఇంటికొచ్చి చూసుకుని మళ్లీ పోవాలి. అందుకే ఒక్కసారికే అన్నీ రాసుకెళ్లడం అలవాటైంది. చూసుకోకుండా "అర్జెంట్, అర్జెంట్, ప్లీజ్ హెల్ప్" అని పెద్దక్షరాల్లో పెట్టేవాళ్లకి ఏం జరిగేదో కూడా చూశాను. ఎవరూ తిట్టేవారు కాదు, అలాగని జవాబూ ఇచ్చేవారు కాదు. మనకి లెటర్ రైటింగ్‌లో నేర్పిన 'రెస్పెక్టెడ్ సర్'తో మొదలుపెడితే మాత్రం కొందరు తెల్లవాళ్లు నవ్వుకుంటూనే భలే శ్రద్ధగా చెప్పేవారు.

దొరికిన జవాబు ఇంటికి తేవడం ఇంకో తతంగం. నోట్‌ప్యాడ్‌లో అతికించి ఫ్లాపీలో పెట్టుకుంటే, ఇంటికొచ్చేసరికి ఆ ఫ్లాపీ చదవబడదు. అందుకని మళ్లీ కాగితమే. నెట్ సెంటర్ కుర్రాడు నా కాగితాలు చూసి "ఏం గురూ, పరీక్షలా?" అనేవాడు. ప్రింటౌట్ పేజీకి ఇంత అని వాడి రేటు వాడికుండేది, నా చేతిరాత వల్ల వాడికి నష్టం.

2003 ఆగస్టులో బ్లాస్టర్ వచ్చింది. ఎక్స్‌పీలోనూ విండోస్ 2000లోనూ ఉన్న ఒక లొసుగు పట్టుకుని, నెట్‌కి తగిలించిన సిస్టమ్‌లోకి దానంతటదే దూరే పురుగు అది. మనం ఏ ఫైలూ తెరవక్కర్లేదు, ఏ మెయిలూ నొక్కక్కర్లేదు. చిన్న పెట్టె ఒకటి తెర మీదకొచ్చి, ఇంకో 60 సెకన్లలో సిస్టమ్ ఆగిపోతుంది, పని సేవ్ చేసుకో అని చెప్పి అంకెలు లెక్కపెట్టడం మొదలెట్టేది. తమాషా ఏమిటంటే, నెట్ సెంటర్‌లోని పాత విండోస్ 98 మిషన్లకి దానివల్ల ఏమీ కాలేదు. కొత్త కంప్యూటర్, కొత్త ఎక్స్‌పీ, ఇంట్లోనే డయలప్ ఉన్న మా సీతమ్మధార మావయ్య బుక్కయిపోయాడు. దాన్ని సరిచేసే ప్యాచ్ అప్పటికే నెల ముందు జులైలోనే విడుదలైంది. కానీ అది దించుకోవాలంటే నెట్‌కి తగిలించాలి, తగిలిస్తే 60 సెకన్లు మొదలు. మావయ్య మోడెమ్ వేగానికి 60 సెకన్లలో ఏం దిగుతుంది?

అప్పటికి ప్రపంచమంతా అదే ప్రశ్న అడుగుతోంది. జవాబు ఒక్క లైను. పెట్టె కనబడగానే స్టార్ట్, రన్, షట్‌డౌన్ అని టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, మైనస్ ఏ కొట్టి ఎంటర్ నొక్కు. లెక్క ఆగిపోతుంది. ఆ తర్వాత కనెక్షన్ ప్రాపర్టీస్‌లో, బయట్నించి దూరేవాటిని అడ్డుకునే ఫైర్‌వాల్‌కి టిక్ పెట్టు, ప్యాచ్ దించు. ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ మొదట్నించీ ఉంది గానీ అది ఆఫ్‌లో ఉండేది. 2004లో సర్వీస్ ప్యాక్ 2 వచ్చాకే దానంతటదే ఆన్‌లో ఉండటం మొదలైంది. నేను ఆ లైను కాగితం మీద రాసుకుని సీతమ్మధార వెళ్లాను. మావయ్య నా పక్కన నిలబడి "నలభై... ముప్పై ఎనిమిది..." అని పైకి చదువుతూ నాకు టెన్షన్ పెట్టేస్తున్నాడు. ఎంటర్ నొక్కాక పెట్టె మాయమైంది. అత్తయ్య వంటింట్లోంచి "అయిపోయిందా?" అనడిగితే మావయ్య "ఆగిపోయింది" అన్నాడు. ఆవిడ కంప్యూటర్ ఆగిపోయిందనుకుని నన్ను కాస్త అదోలా చూసింది.

2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ పేరుతో బ్రాడ్‌బ్యాండ్ మొదలెట్టింది. మా వీధికి చేరడానికి ఇంకొంత కాలం పట్టింది. 500 రూపాయల ప్లాన్‌లో రాత్రి 2 నుంచి పొద్దున్న 8 దాకా ఎంత వాడుకున్నా లెక్కలేదు. దాంతో ఊళ్లో సగంమంది కుర్రాళ్లు అలారం పెట్టుకుని రెండింటికి లేచేవారు. నేనూ లేచేవాణ్ణి. డౌన్‌లోడ్ పెట్టి, అది దిగేలోపు ఊరికే కూర్చోలేక, ఎవరేం అడుగుతున్నారో చూడటం మొదలెట్టాను. ఆర్కుట్ అనే సోషల్ సైటు అప్పటికే మంచి ఊపులో ఉంది. మన ఊరి పేరుతో ఉన్న కమ్యూనిటీల్లో సినిమా గొడవల మధ్య మధ్యలో ఇలాంటి ప్రశ్నలు పడేవి. చూస్తే వాటిల్లో కొన్నిటికి నాకు జవాబు తెలుసు! అడిగేవాణ్ణి చెప్పేవాణ్ణయ్యాను. ఎప్పుడయ్యానో సరిగ్గా చెప్పలేను గానీ, రెండు పాత్రల్లోనూ రెండోదే ఎక్కువ మజాగా ఉండేది. పరీక్ష రాయడం కంటే పేపర్లు దిద్దడం ఎవరికి నచ్చదు?

గాజువాక నుంచి ఒకాయన, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: నెట్ బానే వస్తుంది బ్రదర్, ఫోన్ మోగితే పోతుంది. అందరూ తలో మాట చెప్పారు. మోడెమ్ మార్చమని ఒకరు, ఎక్స్చేంజీలో కంప్లైంట్ పెట్టమని ఒకరు, విండోస్ మళ్లీ ఎక్కించమని ఇంకొకరు (ఈ మూడోవాడు ప్రతి ప్రశ్నకీ ఉంటాడు). నేను ఒకటే అడిగాను: మీ ఇంట్లో ఫోన్లు ఎన్ని? రెండంట. హాల్లో ఒకటి, మేడ మీద ఒకటి. స్ప్లిట్టర్ ఎక్కడుంది? హాల్లో, మోడెమ్ పక్కన. మేడ మీదకి వెళ్లే వైరు ఎక్కణ్ణించి పోతోంది? దీనికి రెండ్రోజులు జవాబు లేదు.

విషయం ఏమిటంటే ఒకే రాగి తీగ మీద మాట కింది ఫ్రీక్వెన్సీలో, నెట్ పై ఫ్రీక్వెన్సీలో నడుస్తాయి. ఆ రెంటినీ విడదీసే పని స్ప్లిట్టర్‌ది. ఇంట్లో ఏ ఫోన్ అయినా దాని తర్వాతే ఉండాలి. ముందే ఇంకో ఫోన్ తగిలిస్తే, బెల్లు మోగినప్పుడు ఆ గోలంతా నేరుగా నెట్ మీద పడి మోడెమ్ లైను వదిలేస్తుంది. రెండ్రోజుల తర్వాత ఆయన వచ్చాడు. వైరు పట్టుకుని గోడ వెంబడే వెళ్లాడట, ఎవరో ఎలక్ట్రీషియన్ గుమ్మం పైనే వైరు చీల్చి మేడ మీదకి ఎక్స్‌టెన్షన్ ఇచ్చేశాడట. దాన్ని కోసి, స్ప్లిట్టర్ ఫోన్ రంధ్రం నుంచి మళ్లీ లాగించాడు. "మా ఆవిడ చేత కింద ఫోన్‌కి రింగ్ ఇప్పించి చూశాను బ్రదర్, మీదదీ మోగింది, నెట్ కదల్లేదు" అని రాశాడు. ఎలా కనుక్కున్నాడో, ఏది కోశాడో, ఏది కలిపాడో అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. తర్వాత ఎవరో అనకాపల్లి నుంచి వచ్చి, అది చదువుకుని, వాళ్లింట్లోనూ అదే చేసుకున్నారు. నేను చెప్పిన జవాబు కంటే ఆయన తిరిగొచ్చి రాసిన ఆ నాలుగు ముక్కలే ఎక్కువ పనికొచ్చాయి.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన జాతి ఒకటుంది, వాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. మీకున్న సమస్యే, అదే కోడ్, అదే మోడల్, ఎవరో అచ్చం అలాగే అడిగి ఉంటారు. ప్రాణం లేచొస్తుంది. కిందకి వెళ్తే ఎవరి జవాబూ ఉండదు, అడిగినవాడే వచ్చి "పర్లేదు, సరిపోయింది, థ్యాంక్స్" అని రాసి పోయుంటాడు. ఎలా సరిపోయింది నాయనా? అది చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? అలాంటివాడు ఒకడు 2006లో నా పాత ప్రింటర్ సమస్యకి సమాధానం తన దగ్గరే ఉంచేసుకున్నాడు. వాడిప్పుడు ఏ దేశంలో ఉన్నాడో గానీ దొరికితే మాత్రం అడుగుతాను.

నాకంటూ కాస్త పేరు తెచ్చిపెట్టింది మాత్రం తెలుగు డబ్బాలు. ఎక్స్‌పీలో గౌతమి అని తెలుగు ఫాంటు ఉంది. అయినా తెలుగు పేజీ తెరిస్తే డబ్బాలో, లేదంటే ఒత్తులూ గుణింతాలూ విడిపోయి చెల్లాచెదురైన అక్షరాలో కనబడేవి. కంట్రోల్ ప్యానెల్‌లో రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్, అందులో లాంగ్వేజెస్ ట్యాబ్, అక్కడ కాంప్లెక్స్ స్క్రిప్ట్ (మన తెలుగులా అక్షరాలు ఒకదానికొకటి కలిసే లిపి) అన్న గడికి టిక్ పెట్టాలి. పెట్టగానే ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది. ఇక్కడే అందరూ ఆగిపోయేవారు. సీడీ ఏది? అసెంబుల్ చేసిన కుర్రాడు తన సీడీతో ఎక్కించి, తనతోనే పట్టుకుపోయాడు. అప్పుడు సీడీలోని ఐ 386 ఫోల్డర్ ఎవరి దగ్గరుందో కనుక్కుని, దాన్ని హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ దారి చూపించమని చెప్పేవాణ్ణి. తర్వాతి విండోస్ అయిన విస్టా వచ్చాక ఈ గొడవ పోయింది గానీ మన వాళ్లు ఎక్స్‌పీని అంత తేలిగ్గా వదల్లేదు. 2014 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ దాన్ని వదిలేశాక కూడా వదల్లేదు.

పెదవాల్తేరులో ఒక రిటైర్డ్ తెలుగు మాష్టారుండేవారు. ఆయన తరఫున వాళ్లబ్బాయి అడిగాడు. చేయాల్సింది చెప్పాను. వారం పోయాక మాష్టారే స్వయంగా, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు చేసిపెట్టే లేఖిని వాడి, తెలుగు లిపిలో జవాబు రాశారు. ఊరికే పనిచేసింది అని కాదు. స్త్రీ, రాష్ట్రం, ద్వంద్వం, కార్త్స్న్యం అని ఒక వరస రాసి, ఏది సరిగా కూర్చుంది, దేనికి ఒత్తు పక్కకి జరిగింది, ఏ బ్రౌజర్‌లో చూస్తే బాగుంది, ఏ సైజులో చదవడానికి కంటికి హాయిగా ఉందో ఒక్కొక్కటే నమోదు చేశారు. "చిరంజీవి బాబుకి ఆశీస్సులు" అని మొదలెట్టి, "మిగిలిన దోషములు తర్వాత తెలియజేయగలను" అని ముగించారు. అలాంటి బగ్ రిపోర్టు నేను తర్వాత ఉద్యోగంలో కూడా చూడలేదు.

ఫోన్లలో నెట్ వచ్చాక మళ్లీ అవే డబ్బాలు. దానికి ఒపేరా మినీ అనే బ్రౌజర్‌లో ఒక చిట్కా ఉండేది. అడ్రస్ గడిలో ఒపేరా, కోలన్, కాన్ఫిగ్ అని కొడితే ఒక సెట్టింగుల పేజీ వస్తుంది. దాని అడుగున కాంప్లెక్స్ స్క్రిప్ట్‌లకి బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడాలా అన్నచోట యస్ అని పెట్టి సేవ్ చేస్తే చాలు, ఫోన్‌కి తెలుగు రాకపోయినా పేజీలో తెలుగు వస్తుంది. అక్షరాల్ని వాళ్ల సర్వరే బొమ్మలుగా చేసి పంపేది. డేటా కాస్త ఎక్కువయ్యేది, కాపీ చేసుకోవడం కుదిరేది కాదు, ఐనా ఎవరికి పట్టింది! ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కోసం నిలబడి ఫోన్‌లో తెలుగు చదువుకోవడమంటే అప్పట్లో గొప్పే. ఈ చిట్కా నేను కనిపెట్టింది కాదు, ఎవరు కనిపెట్టారో తెలియదు, నాకొకరు చెప్పారు, నేను పదిమందికి చెప్పాను.

2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూసేశారు. దాని గురించి బాధపడే తీరిక కూడా మన ఊరికి దొరకలేదు, అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. కరెంటు లేదు, సిగ్నల్ లేదు. అడగాలన్నా చెప్పాలన్నా వీధిలోకి రావల్సిందే. మా అపార్ట్‌మెంట్‌లో కిటికీ అద్దాలు పగిలి వాన లోపలికి కొట్టేసింది. తడిసిన ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు పట్టుకుని జనం మెట్ల మీదే అడిగేవారు. అందరిదీ ఒకటే వైద్యం: బియ్యం డబ్బాలో పెట్టడం. బియ్యం వల్ల పెద్దగా ఒరిగేదేం లేదు, పైగా ఆ పిండి పోయి చార్జింగ్ రంధ్రంలో కూరుకుంటుందని చెప్తే పిన్నిగార్లు ఒప్పుకునేవారు కాదు. "మా తమ్ముడి ఫోన్ అలాగే బాగయ్యింది బాబూ" అనేవారు. ఆరడం దానంతటదే ఆరుతుంది, పేరు బియ్యానికొస్తుంది. నేను చెప్పేది ఒక్కటే: ఆన్ చేసి చూడకండి. బ్యాటరీ ఊడేదైతే ఊడదీయండి, కరెంటొచ్చినా చార్జింగ్ పెట్టకండి, గాలికి ఆరనివ్వండి. సముద్రం మీంచి వచ్చిన గాలీవానా కాబట్టి లోపల ఉప్పు మిగులుతుంది, తడి ఆరినా అది బోర్డుని తింటుంది. అందుకే షాపులో స్పిరిట్‌తో బోర్డు కడిగించండి అనేవాణ్ణి. ఆన్ చేసి చూడకుండా ఉండటం మాత్రం ఎవరివల్లా కాలేదు.

ఆ తర్వాత అంతా వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లిపోయింది. జవాబులు నిమిషాల్లో వస్తున్నాయి, కాదనను. కానీ మంగళవారం చెప్పిన జవాబు బుధవారం గుడ్‌మార్నింగ్ పువ్వుల కింద పడిపోతుంది. గురువారం ఇంకొకరు మళ్లీ అదే అడుగుతారు. అనకాపల్లాయన వచ్చి చదువుకోవడానికి అక్కడేమీ ఉండదు, గ్రూపులో ఉన్నవాళ్లకి తప్ప ఎవరికీ కనబడదు కూడా. ఈమధ్య పిల్లలైతే మనుషుల్నే అడగడం మానేసి ఏఐని అడుగుతున్నారు. అది చెప్పే దాంట్లో చాలా భాగం ఎప్పుడో ఎవరో రాత్రి రెండింటికి కూర్చుని రాసిందేనని నా అనుమానం. తప్పులేదు, రాసింది అందుకే.

మొన్న మా అపార్ట్‌మెంట్ గ్రూపులో మూడో అంతస్తు పెద్దాయన "నెట్ రావట్లేదు" అని పెట్టారు. అంతే, ఇంకేం లేదు. నాకు పాత అలవాటు. బాక్సు మీద ఏ లైటు వెలుగుతోంది సార్, ఎల్ఓఎస్ అని రాసున్నది ఎర్రగా ఉందా, అని అడిగాను. ఎర్రగా ఉంటే బయట ఫైబర్ తెగిందనో నలిగిందనో అర్థం, రౌటర్ ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు, కంప్లైంట్ పెట్టాల్సిందే. ఎర్రగా లేకపోతే వేరే కథ. పది నిమిషాలకి జవాబొచ్చింది: "లైట్లు చాలా ఉన్నాయి బాబూ. మీ పిన్ని టీ పెడుతోంది, పైకి వచ్చి మీరే చూద్దురూ."

వెళ్లాను. ఎర్రగానే ఉంది. టీ తాగి, కంప్లైంట్ నంబరు గ్రూపులో రాసి, ఫైబర్ అతికించాక ఏం చేశారో కూడా రాయమని పెద్దాయనకి చెప్పి కిందకి దిగాను. సాయంత్రానికి నెట్ వచ్చినట్టుంది, గ్రూపులో బొటనవేలు బొమ్మ పెట్టారు.